ఐటెం రాని రోజున కూడా పలకరించాలి
(నల్లగొండలో చేనేత సంఘాల బాధ్యులకు, మహిళా సంఘాల సభ్యులకు జరిగిన శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పుట్టపాక, కొయ్యలగూడెం, పోచంపల్లి నుంచి పొద్దున్నే బస్సెక్కిన వాళ్లు ఇక్కడ ఉన్నారు. గద్వాల, నారాయణపేట నుంచి రాత్రే బయల్దేరి వచ్చిన వాళ్లూ ఉన్నారు. ఒక్కరోజు మగ్గం ఆగితే ఇంట్లో ఎంత తేడా పడుతుందో నాకు తెలుసు. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

ఇందాక టిఫిన్ దగ్గర ఒక అక్క నన్ను పట్టుకుని అడిగింది. "అన్నా, పోయిన నెల మా సంఘం మీటింగ్ పెట్టినం. విలేకరులకు చెప్పినం. నలుగురు వచ్చిన్రు, ఫొటోలు తీసుకున్నరు, చాయ తాగి పోయిన్రు. తెల్లారి పేపర్ల చూస్తే ఒక్క ముక్క లేదు. ఇగ వాళ్లతోని మనకేం పని?" అంది. ఆ అక్క కోపంలో న్యాయం ఉంది. నేను ఈరోజు మాట్లాడబోయేదంతా ఆమెకు జవాబు అనుకోండి.

నేను పదకొండేళ్లు ఒక పత్రికకు మండల విలేకరిగా పనిచేశాను. ఆ తర్వాత పద్నాలుగేళ్లుగా ఒక చేనేత సంఘం లెక్కలు, అమ్మకాలు చూస్తున్నాను. ప్రెస్ నోట్లు అందుకున్న చేతులతోనే ప్రెస్ నోట్లు రాశాను. ఐటెం, అంటే పేపర్లో మన వార్త, ఎందుకు రాదో అటు నుంచి తెలుసు, రాకపోతే ఎట్లుంటదో ఇటు నుంచి తెలుసు.

ముందు ఆ విలేకరి ఎవరో చూద్దాం. మనం 'పత్రికవాళ్లు' అని ఒక్క మాటలో అనేస్తాం. మన మండలంలో బండి మీద తిరిగే మనిషి వేరు, జిల్లా కేంద్రంలో జీతం మీద ఉండే స్టాఫ్ రిపోర్టర్ వేరు, డెస్క్‌లో కూర్చుని పేజీ పెట్టే సబ్ ఎడిటర్ వేరు. మండల విలేకరుల్లో చాలామందికి నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తకు లెక్కగట్టి ఇచ్చే కొద్ది డబ్బు ఉంటుంది. మేం దాన్ని లైన్ అకౌంట్ అనేవాళ్లం. నాకు వచ్చిన లైన్ అకౌంట్ బండి పెట్రోలుకు కూడా సరిపోయేది కాదు. పైగా ఉగాదికి, ఆగస్టు 15కి, దసరాకు యాడ్‌లు తేవాలని టార్గెట్ ఉంటుంది. చాలామందికి ఒక చిన్న షాపో, ఎల్ఐసీ ఏజెన్సీయో, రెండెకరాల పొలమో ఉంటేనే ఇల్లు గడుస్తుంది. మన మీటింగ్‌కు వచ్చి కూర్చున్న మనిషి ఆరోజు తన పని మానుకుని వచ్చాడని ముందు మనం గుర్తుంచుకోవాలి.

నేను చేరిన కొత్తలో సాయంత్రం నాలుగింటి నల్లగొండ బస్సే నా గడియారం. తెల్ల కాగితాల మీద చేత్తో రాసి, ఫొటో కడిగించే టైం ఉంటే ప్రింటు జతచేసి, కవరు మీద 'న్యూస్, అర్జెంట్' అని రాసి డ్రైవర్ చేతికి ఇచ్చేవాణ్ని. ఆ బస్సు తప్పితే ఆరోజు మా మండలంలో ఏం జరిగినా జరగనట్టే. ఇప్పుడు వాట్సాప్‌లో క్షణంలో పోతుంది. కానీ అవతల డెస్క్‌లో పరిస్థితి పెద్దగా మారలేదు. ఈనాడు 1989లో జిల్లా పత్రిక మొదలుపెట్టాక మిగతా పత్రికలూ ఆ దారి పట్టాయి, దాంతో ఊళ్ల వార్తలకు చోటు దొరికింది. నిజమే. అయితే ఉమ్మడి నల్లగొండకు అప్పట్లో 59 మండలాలు. అన్ని మండలాల నుంచి వచ్చిన వార్తలు ఆ కొన్ని పేజీల్లోనే పట్టాల్సి వచ్చేది. సాయంత్రం ఆరింటికి ఒక అరపేజీ యాడ్ వచ్చిందనుకోండి, హైవే మీద ఒక పెద్ద యాక్సిడెంట్ అయిందనుకోండి, అప్పటిదాకా పేజీలో ఉన్న మన మీటింగ్ ఐటెం బయటికి పోతుంది. పంపిన విలేకరికి కూడా తెల్లారి పేపర్ చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది.

ఆ తెల్లారే మనం ఫోన్ చేసి, "ఏమన్నా, చాయ తాగి పోయినవ్, ఐటెం ఎయ్యలే" అంటాం. ఆ ఒక్క మాటతో ఐదేళ్ల పరిచయం పోయిన సందర్భాలు నాకు తెలుసు. మాట పడ్డ విలేకరిని నేనే కాబట్టి చెప్తున్నా. ఐటెం రాని రోజు మనం ఫోన్ చేయాల్సిన పద్ధతి వేరు: "అన్నా, నిన్న ఎండల వచ్చినవ్, థాంక్స్. అది పాతబడకుండా ఇంకో రూపంలో ఇవ్వొచ్చా?" అని అడగండి. మీరు అడిగి చూడండి, పదిమందిలో ఎనిమిది మంది "రేపు ఆ నేసే అమ్మ ఫొటో ఒకటి పంపు, నేను చూస్తా" అంటారు.

ఇప్పుడు అసలు సంగతి. మనం ఇస్తున్నది వార్తేనా? సర్వసభ్య సమావేశం జరగడం మనకు పెద్ద విషయమే. భువనగిరిలోనో మిర్యాలగూడలోనో పేపర్ చదివే మనిషికి అందులో ఏముంది? వేదిక మీద పదకొండు మంది వరసగా నిలబడ్డ ఫొటో, కింద పదకొండు పేర్లు. ఆ పదకొండు మంది తప్ప ఇంకొకరు చదవరు.

మన పక్కనున్న ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం గారి సంగతి మీకందరికీ తెలిసిందే. ఆసు పోయడమంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పి చుట్టడమని ఈ హాల్లో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కానీ బయటివాళ్లకు ఎలా చెప్పారో ఒకసారి ఆలోచించండి. ఒక్క చీరకు ఆసు పోయాలంటే ఆ మేకుల చుట్టూ సుమారు 9,000 సార్లు చెయ్యి తిప్పాలి. వాళ్లమ్మ లక్ష్మి గారికి భుజం నొప్పి. ఆ నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పాతికేళ్లు దాటినా ఆ కథ ఇంకా రాస్తూనే ఉన్నారు. అందులో ఒక అమ్మ ఉంది, ఒక నొప్పి ఉంది, తొమ్మిది వేలు అనే లెక్క ఉంది. 'చేనేత రంగంలో వినూత్న ఆవిష్కరణ' అని మాత్రమే ఎవరైనా ప్రెస్ నోట్ ఇచ్చి ఉంటే సింగిల్ కాలమ్‌లో ఒకరోజు కనిపించి పోయేది.

మన సంఘాల్లో ఇట్లాంటివి లేవా? చిటికి కట్టే, అంటే రంగు అంటకుండా నూలును అక్కడక్కడా బిగించి కట్టే అక్క వేళ్లు చూడండి, సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు లాగి లాగి చివర్లు ఎట్లా కాయలు కాసి ఉంటాయో. తేలియా రుమాలు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతుంటే వచ్చే వాసన పుట్టపాకలో పుట్టినవాళ్లకు తప్ప ఎవరికి తెలుసు? 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు, అంటే ఇది ఫలానా చోటి సరుకేనని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు, అంటే మన చిటికి నేతకు, 2005లోనే వచ్చింది. గుర్తింపు వచ్చిన రోజు అన్ని పత్రికలూ రాశాయి. ఆ తర్వాత ఆ గుర్తింపు వల్ల కొనేవాళ్లకు ఏం తెలియాలో మనం ఎన్నిసార్లు చెప్పాం?

ఇక్కడ మా సంఘంలో జరిగినది ఒకటి చెప్తాను. ఒక పెళ్లిళ్ల సీజన్ ముందు మా షాపుకు ఒకామె వచ్చి, "బజార్ల ఇదే డిజైన్ ఎనిమిది వందలకు ఇస్తున్నరు, మీరేంది ఆరు వేలు చెప్తున్నరు" అంది. ఆమెతో వాదించలేదు. ఆమె వెళ్లాక మా మండల విలేకరికి ఫోన్ చేసి, "తమ్మీ, ఒక పావుగంట రా" అన్నాను. షాపు ముందు ఎండలో నులక మంచం వాల్చి, ఒక ప్రింటు చీర, ఒక చిటికి చీర పక్కపక్కన పరిచాను. రెండూ ఎర్రటివే, రెండింటి మీదా అవే ఏనుగులు. ఫొటో తీసుకో అన్నాను. తర్వాత రెండింటినీ వెనక్కి తిప్పాను. ప్రింటు చీర వెనక వైపు వెలిసిపోయినట్టు తెల్లగా ఉంది. చిటికి చీర ముందెట్లుందో వెనకా అట్లే ఉంది. దగ్గరికి రమ్మని ఏనుగు తొండం అంచు చూపించాను. రంగు ఒక పోగు మీది నుంచి ఇంకో పోగు మీదికి కొంచెం జరిగినట్టు, మసకగా ఉంటుంది కదా. "ఈ మసక తప్పు కాదు తమ్మీ, నూలుకే ముందు రంగేసి నేసినమని ఇదే సాక్ష్యం" అన్నాను. అతను వంగి, ఫోన్ కెమెరా జూమ్ చేసి, ఆ తొండం ఒక్కటే మూడు ఫొటోలు తీశాడు.

మూడు రోజులకు జిల్లా పేజీలో బాక్స్ ఐటెం వచ్చింది. అందులో మా సంఘం పేరు ఒకే ఒక్క చోట, చివర్లో ఉంది. మా అధ్యక్షుడికి అది నచ్చలేదు, "మన పేరు హెడ్డింగ్‌ల రాలే" అన్నాడు. కానీ ఆ సీజన్ అంతా జనం ఆ కటింగ్ ఫోన్‌లో పెట్టుకుని వచ్చి, చీర వెనక్కి తిప్పి చూసి కొన్నారు. మా షాపులోనే కాదు, పక్క షాపుల్లో కూడా. చదివేవాడికి పనికొచ్చేది ఇస్తే పేరు చివర్లో ఉన్నా చాలు. హెడ్డింగ్‌లో మన పేరే రావాలని పట్టుబట్టే సంఘాలను చాలా చూశాను. వాటి ఐటెంలు వాళ్ల ఫ్లెక్సీల మీద తప్ప ఇంకెక్కడా గుర్తులేవు.

ప్రెస్ నోట్ గురించి ఎక్కువ చెప్పను, మధ్యాహ్నం మీచేత రాయిస్తాను కాబట్టి. ఒక్కటి మాత్రం చూపిస్తాను. మనం మామూలుగా ఎట్లా మొదలుపెడతాం? 'గౌరవనీయులైన ఫలానా గారి అధ్యక్షతన, గౌరవనీయులైన ఫలానా గారి చేతుల మీదుగా, జ్యోతి ప్రజ్వలనతో, అంగరంగ వైభవంగా...' అని. నాలుగు లైన్లు గడిచినా ఏం జరిగిందో తెలియదు. డెస్క్‌లో చోటు చాలకపోతే కింది నుంచి కోస్తారు. అసలు విషయం కిందుంటే అదే పోతుంది. 'మగ్గం గుంతలో కూర్చుని కాళ్లు పోయిన నేతన్నలకు ఈ నెల నుంచి మా సంఘం ఫిజియోథెరపీ చేయిస్తుంది. మొదటి రోజు 22 మంది వచ్చారు' అని మొదలుపెట్టి చూడండి. అతిథుల పేర్లు కింద రాయండి. ఇంటిపేర్లు సరిగ్గా రాయండి. ఫొటో కింద ఎడమ నుంచి కుడికి ఎవరెవరో రాయండి. మీ ఫోన్ నంబరు రాసి, ఆ సాయంత్రం ఆ ఫోన్ మీ దగ్గరే ఉంచుకోండి. మూడు, నాలుగు గంటల లోపు పంపండి. సోమవారం పొద్దున ప్రెస్ మీట్ పెట్టకండి, జిల్లా కేంద్రంలో అందరూ కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి దగ్గర ఉంటారు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. మంచి రోజున పిలవడం అందరికీ వచ్చు. నేను చెడ్డ రోజు గురించి మాట్లాడాలి.

ఒక వానాకాలం మా రంగుల షెడ్డు నీళ్లు మోరీ దాటి పక్క రైతు పొలంలోకి పోయాయి. నారు మడి ఒక మూల ఎర్రబడింది. ఆ రైతు మా దగ్గరికి వచ్చాడు, మేం "చూద్దాం లే" అన్నాం. తర్వాత అతను విలేకరికి చెప్పాడు. సాయంత్రం విలేకరి మా అధ్యక్షుడికి ఫోన్ చేశాడు. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. అధ్యక్షుడు స్క్రీన్ మీద పేరు చూసి ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టాడు. అది బల్ల మీద గుర్రుమంటూ కొంచెం కొంచెం జరుగుతూ ఉంది. ఆగింది. మళ్లీ మోగింది. మూడోసారి కూడా మోగింది. "ఎత్తకు, ఎత్తితే మన మీద రాస్తడు" అన్నాడు. నేనూ ఎత్తలేదు. పదకొండేళ్లు విలేకరిగా చేసినవాణ్ని, నాకు తెలిసి కూడా ఊరుకున్నాను.

తెల్లారి నాలుగు కాలమ్‌ల ఐటెం. 'రంగు నీళ్లతో పొలాలు నాశనం' అని హెడ్డింగ్. చివర్లో ఆ లైను: 'వివరణ కోసం ప్రయత్నించగా సంఘం బాధ్యులు అందుబాటులోకి రాలేదు.' చెడిపోయింది అర గుంట నారు. కానీ ఆ చివరి లైను చదివిన ప్రతి ఒక్కరూ మేమేదో దాస్తున్నామనుకున్నారు. నిజానికి అప్పటికే మేం ఇంకుడు గుంత తవ్విస్తున్నాం, సగం అయిపోయింది. ఆ మాట చెప్పేవాళ్లు లేరు. మావాళ్లు కోపంతో ఆ పత్రిక వేయించుకోవడం మానేశారు. ఆ విలేకరిని ఏడాది పాటు దేనికీ పిలవలేదు. ఆ ఏడాది మా సంఘం గురించి ఆ పత్రికలో ఒక్క అక్షరం రాలేదు, నష్టపోయింది మేమే.

ఏడాది తర్వాత నేనే బస్టాండ్ దగ్గర అతను రోజూ కూర్చునే హోటల్‌కు వెళ్లాను. చాయ చెప్పి, "తమ్మీ, ఆరోజు ఫోన్ ఎత్తకపోవుడు మా తప్పు" అన్నాను. అతను కాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "అన్నా, నేను ఆరున్నర దాంక ఆగిన. డెస్క్ నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది, ఇంకా ఆగిన. మీరు ఒక్క మాట చెప్పి ఉంటే గుంత తవ్వుతున్నరని గూడ రాస్తుంటి" అన్నాడు. మాతో ఇన్నేళ్లుగా నిలిచిన సంబంధం ఆ హోటల్‌లో ఆ గ్లాసు దగ్గర మొదలైందనే నేను అనుకుంటాను. అంతకు ముందుది ఉట్టి పరిచయం.

రెండేళ్లకు ఇంకో పరీక్ష వచ్చింది. దసరా ముందు ఒక లాటు చీరలు రంగు దిగాయి. రంగేసిన తర్వాత సరిగ్గా ఉతికి తీయలేదు, అదీ తప్పు. ఒక కస్టమర్ బకెట్‌లో ఎర్రనీళ్లు వీడియో తీసి గ్రూపుల్లో పెట్టింది. ఈసారి అతను నాకు ఫోన్ చేయకముందే నేనే చేశాను. ఏ లాటు, ఎన్ని చీరలు, తప్పెక్కడ జరిగింది, ఏం చేయబోతున్నాం, అన్నీ చెప్పాను. బిల్లు ఉన్నా లేకపోయినా చీర తెస్తే మార్చి ఇస్తామని రాయమన్నాను. "అన్నా, నెగెటివ్ రాయాల్సి వస్తది" అన్నాడు. "రాయి, మార్చి ఇస్తమన్నది కూడ రాయి" అన్నాను. సింగిల్ కాలమ్ వచ్చింది. నలభై చీరల్లో ముప్పై ఒకటి వాపసు వచ్చాయి. మార్చుకోవడానికి వచ్చినవాళ్లలో కొందరు ఇంకో చీర కూడా కొనుక్కుని పోయారు. ఆ వీడియో పెట్టిన అమ్మ ఇప్పుడు మా దగ్గరే కొంటుంది.

చెప్పలేని విషయాలు ఉంటాయి, నేను కాదనను. అప్పుడు "ఇప్పుడు నా దగ్గర పూర్తి వివరం లేదు, రేపు పదకొండింటికల్లా చెప్తా" అనండి. పదకొండుకు ఐదు నిమిషాల ముందే మీరే ఫోన్ చేయండి. ఇంకొక జాగ్రత్త. "రాయకు గాని చెప్తున్న" అనే మాట మొదలుపెట్టకండి. అచ్చులో చూడటం ఇష్టం లేని మాట నోటి నుంచి రాకపోవడం మేలు. పాపం అతనికి కూడా అది బరువే.

తప్పు రాస్తే ఏం చేయాలి? అప్పుడప్పుడు రాస్తారు. పేరు తప్పు, అంకె తప్పు, ఒక్కోసారి మొత్తం తప్పు. మనవాళ్లు వెంటనే పైన ఎడిటర్ దాకా పోతారు, లేదా రోడ్డు మీద పత్రిక కాల్చేస్తారు. ముందు రాసిన మనిషికే ఫోన్ చేయండి. తర్వాత వివరాలతో కాగితం ఇవ్వండి. ఈ విషయంలో నాకు మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారే గురువు. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన మనిషి. తెలంగాణలో కవులే లేరని ఒకాయన అంటే, ప్రతాపరెడ్డి గారు తిట్టుకు తిట్టు రాయలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. ఆ మాట అన్నవాళ్లకు ఇంక మాట్లాడేందుకు ఏమీ మిగల్లేదు. మన నల్లగొండకు కూడా ఆ చరిత్ర ఉంది. గోలకొండ పత్రిక కన్నా నాలుగేళ్ల ముందే, 1922లో, షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు ఇదే ఊళ్లో నీలగిరి పత్రిక నడిపారు. ఇక్కడ పత్రిక అంటే నిజాం కాలం నుంచీ జనం కష్టం చెప్పుకునే చోటు. మనం కూడా దాన్ని మన ప్రచారానికి వాడుకునే గోడలాగా చూడకూడదని నా మనవి.

డబ్బు సంగతి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. కవర్లు ఇవ్వకండి. మీటింగ్‌కు వచ్చిన మనిషికి చాయ ఇవ్వండి, భోజనం టైం అయితే మనతో పాటు కూర్చోబెట్టి అన్నం పెట్టండి, అది మన ఇంటి మర్యాద. కవరు అలా కాదు. ఒకసారి ఇస్తే రెండోసారి ఇవ్వాలి, నిజాయితీగా ఉన్న విలేకరికి అది అవమానం. యాడ్ వేరు. పండక్కి యాడ్ అడిగితే, స్తోమత ఉంటే ఇవ్వండి, బిల్లు తీసుకుని సంఘం లెక్కల్లో రాయండి. లేకపోతే లేదని నెమ్మదిగా చెప్పండి. "యాడ్ ఇచ్చినం గద, ఐటెం ఎయ్యి" అని మాత్రం ఎప్పుడూ అనకండి. డబ్బు తీసుకుని వార్తలాగా అచ్చేయడం మీద ప్రెస్ కౌన్సిల్ 2010లో నివేదికే ఇచ్చింది. అట్లా వచ్చిన ఐటెంను జనం ఇట్టే గుర్తుపడతారు.

లోగో పట్టుకుని వచ్చి, "మీ మీద వీడియో ఉంది, చూసుకోండి" అని బెదిరించేవాళ్లు కూడా ఉన్నారు. మంచి పని చేస్తున్న యూట్యూబ్ చానెళ్లు ఎన్నో ఉన్నాయి, వాళ్లను నేను అనడం లేదు. బెదిరించినవాళ్లకు రూపాయి ఇవ్వకండి. మీ జవాబు కాగితం మీద రాసి ఇవ్వండి, ప్రెస్ క్లబ్‌లో సీనియర్లకు చెప్పండి. మీకు ఊళ్లో నలుగురు నిఖార్సయిన విలేకరులతో పాత సంబంధం ఉంటే అలాంటివాళ్లు మీ గడప తొక్కడానికి వెనకాడతారు. మేం చూసినదే చెప్తున్నాను.

ఒక మాట చెప్పకుండా పోలేను. నేను విలేకరిగా ఉన్నప్పుడు మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ మీద చాలా రాశాను. ఒక ఇంటికి నాలుగోసారి వెళ్లాను, కాళ్లు వంకర పోయిన ఆ పిల్లవాడి ఫొటో కోసం. వాళ్లమ్మ గడపలో నిలబడి, "అయ్యా, మీరు తీసినప్పుడల్లా వాని కాళ్లే తీస్తరు. వాడు మంచిగ చదువుతడు, వాని మొకం తియ్యిరి" అంది. ఆ రోజు నేను అతని చేతిలో పుస్తకంతో, ముఖం కనిపించేట్టు ఫొటో తీశాను. మన సంఘాల్లో కూడా అప్పుల్లో ఉన్నవాళ్లు, భర్తను పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. విలేకరిని వాళ్లింటికి తీసుకెళ్లే ముందు ఆ మనిషిని అడగండి. ఏం రాయొద్దో కూడా అడగండి. వద్దంటే వద్దే. సంఘానికి మంచి పేరు కోసం సభ్యురాలి కన్నీళ్లు ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

మనుషులు మారుతూ ఉంటారు. స్టాఫ్ రిపోర్టర్లకు బదిలీలు అవుతాయి, డెస్క్‌లో కొత్తవాళ్లు వస్తారు. 2016 అక్టోబర్ 11న నల్లగొండ మూడు జిల్లాలైంది, పాలమూరు కూడా విడిపోయింది. 2019లో నారాయణపేట జిల్లా వచ్చింది. పోచంపల్లి, పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నాయి. ఆ కొత్తలో మేం పాత అలవాటుతో నల్లగొండకే పంపుతూ పోయాం, రెండు నెలలు మా ఐటెంలు ఏ జిల్లా పేజీలోనూ రాలేదు. మీ పేజీ ఎవరు చూస్తున్నారో అప్పుడప్పుడు కనుక్కోండి. కానీ మండల విలేకరి మాత్రం చాలాసార్లు అదే మనిషి, ఇరవై ఏళ్లయినా అదే బండి మీద తిరుగుతుంటాడు.

నా దగ్గర ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ ఉంది. ఒక్కో విలేకరికి ఒక్కో పేజీ. ఏ పత్రిక, ఏ ఊరు, ఎన్ని గంటలకు పంపితే అందుతుంది, దేనిమీద రాయడం ఇష్టం. ఒకతనికి చెరువులంటే ప్రాణం. మా ఊరి చెరువు తూము పగిలినప్పుడు మా సంఘానికి సంబంధం లేకపోయినా అతనికే ముందు చెప్పాను. ఇంకొకామె బడుల మీద బాగా రాస్తుంది. ఆమె రాసిన ఐటెంతో ఒక బడికి టాయిలెట్లు వస్తే ఫోన్ చేసి, "అమ్మా, మంచి పని చేసినవ్" అన్నాను. అంతే, ఇంకేం అడగలేదు. మనకు పనున్నప్పుడు తప్ప మిగతా రోజుల్లో వాళ్లకు ఫోన్ చేసేవాళ్లు ఎంత తక్కువో నాకు తెలుసు. నేను విలేకరి పని మానేసిన వారం రోజుల్లోనే నా ఫోన్ మోగడం ఆగిపోయింది. అప్పుడు కూడా ఫోన్ చేసి బాగోగులు అడిగినవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరి పేర్లు ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

టిఫిన్ దగ్గర అడిగిన అక్కా, మీ మీటింగ్‌కు వచ్చిన ఆ నలుగురి నంబర్లు మీ దగ్గర ఉన్నాయి కదా. భోజనాలయ్యాక వాళ్లలో ఒకరికి ఫోన్ చేద్దాం, నేను పక్కనే ఉంటాను. ఐటెం ఎందుకు రాలేదని అడగొద్దు. మీ సంఘంలో డెబ్బై ఏళ్ల వయసులో ఇంకా ఆసు పోస్తున్న పెద్దమ్మ ఉందన్నారు కదా, ఆమె గురించి చెబుదాం. ఆమె సరే అందో లేదో మాత్రం ముందు కనుక్కోండి. మిగతావాళ్లు మీ ముందున్న తెల్ల కాగితం తీసుకోండి, మీ సంఘం గురించి మొదటి రెండు లైన్లు రాయండి. అందులో ఒక మనిషి, ఒక అంకె ఉండాలి. గౌరవనీయులు ఎవరూ ఉండొద్దు. రెండింటికి గద్వాల నుంచి వచ్చిన చెల్లె ముందుగా చదువుతుంది.